మూడో అక్షరం

గంగమ్మపేట,
భోగాపురం మండలం.
20 నవంబరు 2025

జిల్లా ఆంగ్ల పదాల పోటీ కన్వీనర్, ఇంగ్లీషు లెక్చరర్ శ్రీ మోహనకృష్ణ గారికి,

నమస్కారం. మంగళవారం నుంచి మీ ఫోనుకి పదకొండుసార్లు చేశాను. పన్నెండోసారి మోగనే లేదు. నా నంబరు బ్లాక్ చేశారని అర్థమైంది. ఫిర్యాదులు కాగితం మీదే తీసుకుంటామని మీ నోటీసులో ఉంది కాబట్టి కాగితం మీదే పెడుతున్నాను. అందలేదనడానికి వీల్లేకుండా రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.

మీరు నాకు సొంత అన్నయ్య అన్న సంగతి పక్కన పెట్టి రాస్తున్నాను. మీరూ పక్కన పెట్టి చదవండి.

పదహారో తారీఖున విజయనగరం కల్యాణమండపంలో జరిగిన పోటీలో మా బడి తొమ్మిదో తరగతి అమ్మాయి హేమకు అన్యాయం జరిగింది. ఈ ఉత్తరం కమిటీలో మిగతావాళ్లు కూడా చదవాలని నా కోరిక, అందుకే మొదటి నుంచీ చెబుతాను. మైకులో మూడు ఇంగ్లీషు అక్షరాలు చదువుతారు. ఆ మూడూ ఉండే అయిదక్షరాల ఇంగ్లీషు మాటలు పావుగంటలో ఎన్ని రాయగలిగితే అన్ని రాయాలి. మాటకొక మార్కు. బోర్డు మీద ఏమీ రాయరు. చెవితో వినడం కూడా పోటీలో భాగమేనని మీరే పెట్టిన నియమం.

ఆ రోజు మీరు చదివినవి ఏ, ఆర్, హెచ్ అని మార్కుల జాబితాలో ఉంది. హేమ తన కాగితం పైన రాసుకున్నవి ఏ, ఆర్, ఎస్. ముప్పై ఒక్క మాటలు రాసింది. జిల్లాలో మొదటి స్థానం వచ్చిన పిల్లవాడు రాసినవి ఇరవై నాలుగు. హేమ స్మార్ట్ రాసింది, స్టార్ట్ రాసింది, షుగర్, గ్రాస్, సోలార్ రాసింది. వీటిలో హెచ్ లేదని కొట్టేశారు. షార్క్, షార్ప్, క్రాష్ లాంటి ఏడు మాటల్లో మాత్రం ఎస్‌తో పాటు హెచ్ కూడా ఉంది, అందుకని ఏడు మార్కులు వేశారు. అరవై రెండు మందిలో నలభై ఐదో స్థానం.

ఆ పిల్లకు చెవుడు లేదు. మీరే ఎస్ అన్నారు.

ఎందుకన్నారో కమిటీ వారికి తెలియాలి. మన వైపు నోట చ సరిగా పలకదు. చెప్పు సెప్పు అవుతుంది, చూడు సూడు అవుతుంది, హెచ్ అనే అక్షరం ఎస్ అయి కూర్చుంటుంది. మన ఇంట్లో మీరూ నేనూ ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది అలాగే. మీరు చదువుకుని, రాజాంలో లెక్చరరై, ఆ నోటిని సబ్బు పెట్టి కడుక్కున్నారు. ఆ రోజు కడుగుడు చాలలేదు.

రాష్ట్ర పోటీ ఫిబ్రవరి ఎనిమిదిన విజయవాడలో. మన జిల్లా పేర్లు పంపడానికి జనవరి ఇరవై గడువు. ఆ జాబితాలో హేమ పేరు ఉండాలి. నేను అడిగేది అదొక్కటే.

ఇట్లు,
నీలవేణి,
ఇంగ్లీషు టీచరు


రాజాం,
27 నవంబరు

శ్రీమతి నీలవేణి గారికి,

మీ ఫిర్యాదు అందింది. పరిశీలించాను. తోసిపుచ్చుతున్నాను.

కన్వీనరుగా రాయవలసింది అంతే. ఇక్కడి నుంచి నీ అన్నయ్యగా రాస్తున్నాను, పక్కన పెట్టడం నాకు చేతకాదు.

మూడో అక్షరాన్ని మైకులో రెండుసార్లు చదివాను. హెచ్, మళ్లీ హెచ్. ముందు వరసల పిల్లలందరూ సరిగానే రాశారు. మీ బడి వాళ్లు పావుగంట ఆలస్యంగా వచ్చారు. విమానాశ్రయం పనులకి తిరిగే లారీలు దారి మూసేశాయని నువ్వే గుమ్మంలో నిలబడి బతిమాలావు. పోనీలే అని లోపలికి పంపాను. వెనక వరస తప్ప ఖాళీ లేకపోతే అది నా తప్పా? నీ పిల్లకి వినపడక, ఊహించుకుని, తప్పు రాసింది. తప్పు రాసిన ప్రతివాడూ చెప్పినవాడి నోటిని అనడం మొదలుపెడితే ఇక పోటీలెందుకు?

పైగా ఆ ముప్పై ఒక్క మాటల గురించి అంత గొప్పగా రాశావే, అందులో ఒకటి సొర్ర. ఎస్, ఓ, ఆర్, ఆర్, ఏ. సొర్ర ఏ దేశపు ఇంగ్లీషు నీలవేణీ? దిద్దినవాళ్లు ఆ కాగితం చేతులు మార్చుకుని నవ్వుకున్నారు. ఆ పిల్ల పేరు కాదు, బడి పేరు చూసి నవ్వారు.

ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను. నా ఉచ్చారణని ఒక్క విద్యార్థి వేలెత్తి చూపలేదు. నోరు కడుక్కున్నానట! అవును, కడుక్కున్నాను. అందులో సిగ్గుపడేదేముంది? నువ్వూ ఆ పనే చేసుంటే ఇవాళ సముద్రం పక్కన ఇసకలో కూర్చుని నాకు ఫిర్యాదులు రాసేదానివి కాదు.

నీ ఉత్తరాన్ని కమిటీ అధ్యక్షులు జగన్నాధం గారికి చూపించలేదు. నీ పరువు కాపాడటానికే. ఆ సంగతి గుర్తుపెట్టుకో.

మోహనకృష్ణ


గంగమ్మపేట,
2 డిసెంబరు

అన్నయ్యా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నా పరువు కాపాడటానికి దాచావా? నీ పరువు ఎక్కడ పోతుందోనని దాచావు. నా పరువు సంగతి నేను చూసుకోగలను.

మైకులో నువ్వు హెచ్ అనే చదివావు. ఒప్పుకుంటాను. ముందు వరసల్లో కూర్చున్నవాళ్లలో అడిగిన ప్రతి పిల్లా అదే చెప్పింది. నేననేది ఆ తర్వాత జరిగిన దాని గురించి. నువ్వు నీ ఉత్తరంలో ఆ తర్వాతది రాయలేదు, మర్చిపోయావో మరి.

వెనక వరసలో హేమ పక్కన మా బడి పిల్లే అమ్మడు కూర్చుంది. తల మీద ఫ్యాను గడగడలాడుతోందట. అమ్మడు లేచి నిలబడి అడిగింది, "సార్, మూడోది ఏటి సార్? ఇనపడ్నేదు" అని. నీకు విసుగొచ్చింది. మైకు పక్కన పెట్టేసి, స్టేజీ మీద నుంచే అరిచావు.

"ఎస్సు! ఎస్సు! సెవుల్లో దూదెట్టుకున్నారేటే?"

ఈ మాట అమ్మడు చెప్పింది, అదే వరసలో కూర్చున్న మా బడి పిల్ల ఇంకొకతీ చెప్పింది. ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. పొల్లుపోకుండా ఇదే చెప్పారు. సెవుల్లో దూదెట్టుకున్నారేటి అన్నది ఎవరి మాటో నీకు తెలీదా? పొలంలో పిలిస్తే పలకలేదని నాన్న నిన్నూ నన్నూ తిట్టిన తిట్టు కాదూ అది? నాన్న పోయి ఆరేళ్లయింది. చీపురుపల్లి పక్క ఊళ్లో రైతు అప్పలసూరి తన పిల్లల్ని ఏమని తిట్టేవాడో ఈ సముద్రం ఒడ్డు పిల్లలకి ఎలా తెలుస్తుంది? నీ నోట వింటే తప్ప తెలీదు.

మామూలుగా ఉన్నప్పుడు నువ్వు లెక్చరర్‌వే. కోపం వస్తే నీకు నాన్న నోరొస్తుంది. ఇది నీకు తెలీదు, మీ ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు మా పిల్లలకీ తెలిసింది.

సొర్ర సంగతి. షార్క్ అని రాసి దాని కిందే సొర్ర రాసింది. షార్కుని ఇక్కడ సొర్ర అంటారు, వాళ్ల నాన్న గంగులు వలలో పడేది అదే. తొందరలో కలం ఆగలేదు. ఆ ఒక్క మాటా కొట్టెయ్, నేనేమీ అనను. ఇంకా ముప్పై ఉంటాయి. జిల్లా మొత్తం మీద ముప్పై రాసిన పిల్ల ఇంకెవరన్నా ఉంటే చూపించు.

ఇసకలో కూర్చున్నానన్నావు. ఇక్కడికి నేను అడిగి మరీ బదిలీ చేయించుకుని వచ్చాను. నువ్వు ఒక్కసారైనా వచ్చి చూశావా?

నీలవేణి


రాజాం,
9 డిసెంబరు

నీలా,

నాన్నని మధ్యలోకి లాగకు. ఆయన పేరెత్తితే నేను మెత్తబడతాననుకున్నావు. ఇద్దరు పిల్లలు బస్సులో పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుని వచ్చి చెప్పింది సాక్ష్యమెలా అవుతుంది? నేను కోపంగా ఏదో అని ఉండొచ్చు. ఏమన్నానో నాకు గుర్తులేదు. గుర్తులేనిదాన్ని నేను అన్నానని రాసి సంతకం పెట్టమంటావా?

సాక్ష్యాల మాట నువ్వే ఎత్తావు కాబట్టి, నా దగ్గరా ఒకటుంది.

పోటీకి ఫొటోలు తీసిన గిరిబాబు నిన్న ఆల్బమ్ ఇవ్వడానికి వచ్చాడు. మాటల్లో నీ గురించి అడిగాడు. "ఆ టీచరమ్మ మీ సెల్లెలా సార్? కోపం బానే ఉన్నాది" అన్నాడు. ఏమైందని అడిగితే చెప్పాడు. పోటీ అయిపోయాక పిల్లలు బయటికొస్తున్నారు. మండపం మెట్ల దగ్గర ఆ హేమ నీతో ఏదో చెప్పిందట. నువ్వు ఆ పిల్ల చెంప ఛెళ్లుమనిపించావు. చుట్టూ ముప్పై నలభై మంది చూస్తున్నారు. ఆ పిల్ల ఏడవకుండా నీ మొహంలోకే చూస్తూ నిలబడిందట.

రెండు ఉత్తరాలు రాశావు. మార్కులున్నాయి, ఫ్యాను ఉంది, నాన్న తిట్లున్నాయి. ఆ చెంపదెబ్బ ఏ పేజీలో ఉంది? నాకు కనపడలేదు. అన్యాయం అన్యాయం అని గొంతు చించుకుంటున్న మనిషివి, ముందు నీ చెయ్యి సంగతి చెప్పు. అసలు ఆ పిల్ల బడికి వస్తోందా? నా మీద కేకలేస్తే నీ తప్పు కొట్టుకుపోతుందనుకున్నావా?

టీచర్ల మీద ఫిర్యాదులు కూడా కాగితం మీదే తీసుకుంటారు. నేనొకటి పెట్టమంటావా?

మోహన్


గంగమ్మపేట,
14 డిసెంబరు

అన్నయ్యా,

కొట్టాను.

రాయకుండా దాచానన్నది నిజమే. ఎలా జరిగిందో ఇప్పుడు రాస్తాను, బాగా చదువుకో, ఇందులో నువ్వూ ఉన్నావు.

ముందు వచ్చిన పిల్లల దగ్గర అక్షరాలు ఏ, ఆర్, హెచ్ అని నేను అప్పటికే విన్నాను. హేమ మెట్లు దిగి నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "మేడమ్, ముప్పై దాటి రాసేసినాను! సారు మాలాగే మాటాడతారు మేడమ్, ఎస్సు ఎస్సు అన్నారు" అంది. అక్షరం హెచ్ కదే అన్నాను. "కాదు మేడమ్, సారు ఎస్ అన్నారు." మా అన్నయ్య అలా మాట్లాడడు, తప్పు రాసింది చాలక అబద్ధం కూడానా అన్నాను. "నిజం మేడమ్, నమ్మండి" అంది. అప్పుడు కొట్టాను.

నిన్ను నమ్మి కొట్టాను. ఇన్నేళ్లుగా బళ్లో నీ గురించే గొప్పలు చెప్పుకున్నాను. మా అన్నయ్య కూడా మీలాంటి పల్లెలోనే పుట్టాడు, ఇప్పుడు ఆయన నోట ఒక్క మాట యాసగా రాదు, మీరూ అలా కావాలి అని. రెండు రోజుల తర్వాత అమ్మడు ఆ దూది మాట చెప్పింది. అందుకే నీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను.

ఇంకొకటి కూడా రాస్తాను, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి. హేమ తన పేరులో మొదటి అక్షరాన్ని ఎస్ అనేది. ఏడాది పాటు స్కేలుతో వేళ్ల మీద కొట్టి హెచ్ అనిపించాను. పట్నం సార్లెవరూ ఎస్ అనరు, ఎస్ అంటే అది ఎస్సే అని నూరిపోశాను. అందుకే నువ్వు స్టేజీ మీద నుంచి ఎస్ అనగానే ఆ పిల్ల రెండో ఆలోచన లేకుండా ఎస్ రాసేసింది. నేనేమీ నేర్పకుండా వదిలేసుంటే, సారు ఏ అక్షరం అన్నారో ఏమో అని ఒక్క నిమిషం ఆగేది. అమ్మడు ఆగింది. దానికి చదువు రాదనుకునేదాన్ని, రెండు అక్షరాలతోనూ కొన్ని కొన్ని రాసి వచ్చింది.

ఆ రోజు నుంచీ హేమ బడికి రావడం లేదు. వాళ్ల నాన్నమ్మ అసిరమ్మ పక్కన చేపల గంప దగ్గర కూర్చుంటోంది. రెండుసార్లు వెళ్లాను. నన్ను చూడగానే లేచి లోపలికి పోయింది. "మా గుంట అబద్ధమాడదమ్మా" అని ముసలామె నా మొహం చూడకుండానే అంది.

ఆ జాబితాలో పేరొస్తే, ఆ కాగితం పట్టుకెళ్లి చూపించి, పిల్లని మళ్లీ బడికి తెచ్చుకోవాలని నా ఆశ. నా మీద ఫిర్యాదు పెట్టుకో, నేను సంజాయిషీ రాసుకుంటాను. అంతకంటే ముందు బీరువాలోంచి ఆ అరవై రెండు కాగితాలూ తియ్యి. పిల్లలు పైన రాసుకున్న మూడు అక్షరాలు చూడు. ఎస్ అని రాసినవి ఎన్నున్నాయో నాకు రాయి.

నీలవేణి


రాజాం,
28 డిసెంబరు

నీలా,

రెండు వారాలు జవాబు రాయలేదు. రాయాలనిపించలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా ఇష్టంగా కాదు.

ఇరవై ఒకటి. అన్నీ చివరి మూడు వరసలవే.

ఇది ఇప్పుడు చూసింది కాదు. పోటీ మర్నాడే చూశాను. నీ మొదటి ఉత్తరం రాకముందే, నీ మొదటి ఫోన్ కూడా మోగకముందే నాకు తెలుసు. ఒకరిద్దరైతే వినపడలేదనుకోవచ్చు. ఇరవై ఒక్క మందికి ఒకేసారి ఒకే రకంగా వినపడకపోవడం ఉండదు. నేను అన్నాను. నాన్న మాట కూడా అనే ఉంటాను.

ఎందుకు ఒప్పుకోనో చెబుతాను. ఇది ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పించింది నువ్వు, నీ మీద ఆ కోపం నాకు ఎప్పటికీ ఉంటుంది.

ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేరడానికి విశాఖపట్నం వెళ్లాను కదా. ఆఫీసులో గుమస్తా పేరుకి స్పెల్లింగు చెప్పమన్నాడు. చెప్పాను. ఎం, ఓ, ఎస్, ఏ, ఎన్ అని మొదలుపెట్టాను. నాన్న నేర్పింది అదే కదా. అతను విన్నది విన్నట్టు రాసుకున్నాడు. మర్నాడు క్లాసులో హాజరు పిలుస్తూ సారు "మోసనకృష్ణ" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ సాయంత్రానికి నా పేరు మోసం అయింది. మూడేళ్లు అదే పేరు. మోసం వచ్చాడు, మోసం అన్నం తింటున్నాడు, మోసానికి ఫస్ట్ క్లాసట. నవ్వుతూ పలికేవాణ్ని. గదికొచ్చి తలుపేసుకుని అద్దం ముందు నిలబడి హెచ్, హెచ్ అనుకునేవాణ్ని. నాన్న ఎప్పుడైనా చూడ్డానికి వస్తే గేటు దగ్గరే మాట్లాడి పంపేసేవాణ్ని, లోపలికొచ్చి నోరు విప్పుతాడేమోనని.

ఆ నోరు ఎంత కష్టపడి మార్చుకున్నానో నీకు తెలీదు. ఇవాళ నా కాలేజీలో రెండు వందల మంది పిల్లలున్నారు, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. మోహనకృష్ణ సారు హెచ్‌ని ఎస్ అన్నాడట అని ఒక్కడికి తెలిస్తే చాలు, సాయంత్రానికి అందరి స్టేటస్‌లోనూ నేనే ఉంటాను. యాభై ఏళ్లు దగ్గర పడుతున్న మనిషిని మళ్లీ మోసంగా బతకమంటున్నావు. నా వల్ల కాదు.

వచ్చే ఏడాది పోటీకి ఆ పిల్లని తీసుకురా. ముందు వరసలో కూర్చోబెడతాను.

మోహన్


గంగమ్మపేట,
4 జనవరి 2026

మోహనకృష్ణ గారూ,

పోటీ మర్నాడే తెలుసు. తెలిసి కూడా నాకు సొర్ర గురించి రాసి నవ్వావు. ఇద్దరూ మాట్లాడుకుని వచ్చి చెప్పారని ఆ పిల్లల్ని దొంగల్ని చేశావు. నా చెంపదెబ్బ గురించి రాసిన మనిషివి, ఆ పిల్ల విన్నది నిజమని నీకు అప్పటికే తెలుసు.

నీ విశాఖపట్నం కథ చదివి ఏడ్చాను. అది నిజం. నాన్నని గేటు దగ్గర నుంచి పంపేశావని చదివినప్పుడు ఏడుపు ఆగిపోయింది.

ఆ గుమస్తా విన్నది రాసుకున్నాడు, శిక్ష నీకు పడింది. హేమ విన్నది రాసుకుంది, శిక్ష హేమకి పడింది. నీ మీద పడితే ముప్పై ఏళ్లు గుండెలో పెట్టుకున్నావు. పక్క పిల్ల మీద పడితే వచ్చే ఏడాది ముందు వరసలో కుర్చీ వేస్తానంటున్నావు. వచ్చే ఏడాదికి ఆ పిల్ల చేతిలో పుస్తకం ఉండదు, కత్తిపీట ఉంటుంది. నువ్వు వేసే కుర్చీలో ఎవరు కూర్చుంటారు?

నిన్ను వాళ్లు మోసం అని పిలవడం అప్పుడు తప్పు. నువ్వు ఎవరికీ ఏమీ చెయ్యలేదు. ఇప్పుడు నేను పిలిస్తే తప్పు కాదు. ఇరవై ఒక్క కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేసిన మనిషికి ఆ పేరు సరిపోతుంది.

గడువు ఇరవయ్యో తారీఖు. పద్దెనిమిది లోపల నువ్వు చెప్పకపోతే పంతొమ్మిదిన నీ కిందటి ఉత్తరం పట్టుకుని జగన్నాధం గారింటికి నేనే వెళ్తాను.

నీలవేణి


రాజాం,
19 జనవరి

నీలవేణికి,

తృప్తిగా ఉందా?

పదిహేడో తారీఖు శనివారం కమిటీ సమావేశం. నీ బెదిరింపుకి లొంగి చెప్పాననుకోకు. నువ్వు ఆ ఉత్తరం పట్టుకెళ్తే విశాఖపట్నం సంగతి పదిమందీ చదువుతారు. దానికంటే ఎస్ అన్నానని చెప్పుకోవడమే నయమనిపించింది. అంతే. నేను మంచివాణ్నైపోయానని ఎవరికీ చెప్పకు.

ఇరవై ఒక్క కాగితాలూ బల్ల మీద పెట్టి, తప్పు నాదని చెప్పాను. జగన్నాధం గారు పెద్దాయన, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "తప్పంటే ఏటి తప్పు మోహనూ, సరిగ్గా నువ్వేటన్నావో అలాగే అను, రాసుకోవాల కదా" అన్నారు. తొమ్మిది మంది ముందు అనాల్సి వచ్చింది. ఎస్సు, ఎస్సు, సెవుల్లో దూదెట్టుకున్నారేటే. అందరూ నవ్వారు. పెద్దాయనకి నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. ఆ పూట ఆ గదిలో నేను ఎలా కూర్చున్నానో నీకు చెప్పినా అర్థం కాదు.

తీర్మానం ఇది. అక్షరాలు చదివినవాడి పొరపాటు కాబట్టి, ఆ ఇరవై ఒక్క మందికీ వాళ్లు విన్న అక్షరం ప్రకారమే మార్కులు వెయ్యాలి. ముందు పంపిన ఇద్దరి పేర్లూ అలాగే ఉంటాయి, మూడో పేరు చేర్చాలి. హేమకి ముప్పై. సొర్ర కొట్టేశాం. పేరు విజయవాడ వెళ్లిపోయింది, ఆ కాగితం నకలు ఇందులో పెడుతున్నాను. నేను రాసి సంతకం పెట్టిన ఒప్పుకోలు నకలు కూడా ఉంది. నీకు కావలసింది దొరికింది.

ఇవాళ కాలేజీలో వరండాలో నడుస్తుంటే వెనక ఎవరో "ఎస్సు" అన్నారు. తిరిగి చూశాను, ఎవరూ పలకలేదు. కమిటీలో ఎవరు చెప్పారో తెలీదు. రేపు ఇంకా గట్టిగా అంటారు.

ఇంక నాకు ఉత్తరాలు రాయకు.

మోహన్


గంగమ్మపేట,
28 జనవరి

అన్నయ్యా,

రాయొద్దన్నావు. రాయక తప్పడం లేదు.

నీ కాగితాలు రెండూ పట్టుకుని ఆదివారం పొద్దున ఒడ్డుకి వెళ్లాను. అప్పుడే తెప్పలు వచ్చాయి. అసిరమ్మ గంపలో చేపలు ఏరుతోంది, హేమ పక్కనే ఉంది. ఈసారి లేచి వెళ్లలేదు. ముందు జాబితా ఇచ్చాను. తన పేరు చూసుకుంది. తర్వాత నీ ఒప్పుకోలు చదవబోయాను. "నాను సదువుకుంటాను ఇయ్యండి" అని చేతులు నాన్నమ్మ చీరకొంగుకి తుడుచుకుని తీసుకుంది. రెండుసార్లు చదివింది. నీ దూది మాట దగ్గర నవ్వింది. వాళ్ల నాన్నమ్మకి గట్టిగా చదివి వినిపించింది, అచ్చం నీలాగే.

నేను గెలిచాననుకున్నాను. ఇంక రేపటి నుంచి బడికి రావే అన్నాను. అప్పుడు ఆ పిల్ల తలెత్తి నన్ను అడిగింది.

"సారు తప్పు సారు కాయితం మీద ఎట్టినారు. మీరేటెట్టినారు మేడమ్?"

నవంబరు నుంచి నీ చేత ఒప్పించాలని నీకు ఎన్ని పేజీలు రాశానో లెక్కలేదు. నేను ఆ పిల్లకి ఒక్క మాట చెప్పలేదు. రెండుసార్లు వాళ్ల ఇంటికి వెళ్లింది కూడా బడికి రమ్మని పిలవడానికే. తప్పు చేశానని చెప్పడానికి కాదు. ఇది నాకు అప్పటిదాకా తట్టలేదంటే నువ్వు నమ్మవు. తట్టలేదు.

అక్కడే ఇసకలో కూర్చుని, నీ ఒప్పుకోలు వెనకవైపు ఖాళీగా ఉంటే దాని మీదే రాశాను. నవంబరు పదహారున హేమ నిజం చెప్పింది, నేను నమ్మకుండా కొట్టాను, తన మాట మాట్లాడినందుకు ఏడాది పాటు వేళ్ల మీద కొట్టాను, తప్పు నాది అని. సంతకం పెట్టి ఇచ్చాను. చదివింది. మడత పెట్టి జాకెట్లో పెట్టుకుంది. పర్వాలేదు మేడమ్ అంటుందేమోనని చూశాను. అనలేదు.

విజయవాడ వస్తానంది. కానీ నాతో రాదట, నీతో వస్తుందట. నేను తోడు వస్తాను కదా అంటే, "మీకాడ కూకుంటే ఏ మాటకి ఏ దెబ్బ పడతాదో అని సూసుకోవాల మేడమ్. ఆ సారైతే మాలాగే మాటాడతారు" అంది. అసిరమ్మ కూడా వస్తుంది. బడి సంగతి అడిగితే, "ఎల్లొచ్చినాక సూద్దుం" అంది. అంతకంటే అడిగే మొహం నాకు లేదు.

కాబట్టి వెళ్లాల్సింది నువ్వే. కుదరదని రాయకు. ఏడో తారీఖు పొద్దున చీపురుపల్లిలో రైలెక్కు. విజయనగరంలో వాళ్లిద్దరూ ఎక్కుతారు. ఆ పిల్లతో నీ లెక్చరర్ గొంతుతో మాట్లాడావో, నేను బతికుండగా నిన్ను క్షమించను. నాన్న మాట్లాడినట్టు మాట్లాడు. మాటలు తడుముకోవాల్సి వస్తే కోపం తెచ్చుకో, అదే వస్తుంది. ఆ మూడు అక్షరాల లెక్కలో ఇంకా సాధన చేయించాలి, దారి పొడుగునా చేయించు. తప్పు చెబితే దిద్దు, యాసని మాత్రం దిద్దకు.

నీ మీద నా కోపం పోలేదు. నీకూ పోయి ఉండదు. ఆ సంగతి తర్వాత చూసుకుందాం.

విజయనగరం స్టేషనుకి నేనూ వస్తాను. రైలు పెట్టె దగ్గరికి రావద్దని హేమ ముందే చెప్పింది. ప్లాట్‌ఫారం చివర నిలబడతాను. వాళ్లు ఎక్కి కూర్చున్నాక ఒకసారి తలుపు దగ్గరికి వచ్చి తల ఊపు, నేను వెళ్లిపోతాను.

నీలా